కిలోమీటర్లు పెరుగుతున్నా కొండ ఎందుకు ఎక్కలేకపోతున్నాను?

ప్రశ్న: నాకు 38 ఏళ్ళు. మణికొండలో ఉంటాం, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. బరువు 82 కిలోలు. ఏడాది క్రితం 29 అంగుళాల చక్రాలున్న మౌంటెన్ బైక్ కొన్నాను. సస్పెన్షన్ ముందు మాత్రమే ఉంది. వారానికి ఆరు రోజులు పొద్దున్నే గండిపేట దాకా వెళ్ళొస్తాను, రానూపోనూ 24 కిలోమీటర్లు. నిన్నటి టైమ్ కంటే ఒక్క నిమిషమైనా తగ్గించాలని చూస్తాను. మొదటి నాలుగు నెలలు బాగానే తగ్గింది, ఆ తర్వాత అక్కడే ఆగిపోయింది. ఎక్సర్‌సైజ్ గట్టిగా అవుతుందని పెద్ద గేరులోనే తొక్కుతాను. అప్పుడప్పుడు ఆదివారాలు స్నేహితులతో వికారాబాద్ దగ్గరున్న అనంతగిరి వైపు మట్టిదారులకి వెళ్తుంటాం. అక్కడ నా పరువు పోతోంది. రోజూ తొక్కనివాళ్ళు కూడా ఎక్కేస్తుంటే నేను సగంలో దిగి నెట్టుకుంటూ పోతున్నాను. దిగేటప్పుడు ఇంకా భయం. మూడు నెలల క్రితం గులకరాళ్ళ మీద ముందు చక్రం జారి పడ్డాను, మోచేయి గీసుకుపోయింది. అప్పటి నుంచి కాళ్ళు నేలకి అందేలా సీటు దించుకున్నాను. ఈ మధ్య మోకాలి చిప్ప చుట్టూ నొప్పిగా ఉంటోంది. టైర్లలో గాలి మాత్రం ఎప్పుడూ గట్టిగానే, 60 దాకా కొట్టిస్తాను. లక్షన్నర పెట్టి ముందూ వెనకా సస్పెన్షన్ ఉన్న బండి కొంటే ఈ బాధ తీరుతుందా? రోజుకి ఎన్ని కిలోమీటర్లు తొక్కాలి? మా ఆవిడ ‘ఈ వయసులో నీకు కొండలెందుకు’ అంటోంది.
- మణికొండ నుంచి ఒక పాఠకుడు

జవాబు: కొత్త బండి కొనకండి. ముందే ఆ మాట చెప్పేస్తే లక్షన్నర సంగతి మనసులోంచి పోతుంది, మిగతాది నిదానంగా మాట్లాడుకోవచ్చు.

మీరు అడిగినవాటికి జవాబులు చాలావరకు మీ ఉత్తరంలోనే ఉన్నాయి. సీటు దించాను, పెద్ద గేరులో తొక్కుతాను, గాలి 60 కొట్టిస్తాను, రోజూ టైమ్ తగ్గించాలని చూస్తాను. ఇవన్నీ ఏదో సందర్భం వచ్చింది కాబట్టి రాసినట్టు రాశారు. అసలు కథంతా అక్కడే ఉంది.

మోకాలితో మొదలుపెడదాం. అది ముదిరితే తక్కినవేవీ మాట్లాడుకునే పని ఉండదు. సైకిల్ తొక్కేవాళ్ళకి మోకాలి ముందు భాగంలో, చిప్ప చుట్టూ నొప్పి వస్తే మొదట చూడాల్సింది సీటు ఎత్తే. సీటు కిందికి ఉంటే పెడల్ పైకొచ్చిన ప్రతిసారీ మోకాలు అవసరానికి మించి ముడుచుకుంటుంది. అలా ముడుచుకున్న కాలితోనే బలమంతా పెట్టి కిందికి తొక్కాలి. దానికి తోడు మీది పెద్ద గేరు. అంటే ఒక్కో తొక్కుకీ చిప్ప మీద పడే భారం రెట్టింపవుతోందనుకోండి. పడ్డాక భయంతో సీటు దించారు, దించాక కొన్నాళ్ళకి నొప్పి వచ్చింది. ఈ రెండింటికీ సంబంధం లేదని నేను అనుకోను.

సైకిల్‌ని గోడ పక్కన పెట్టి, ఒక చెయ్యి గోడకి ఆనించి, రోజూ తొక్కే బూట్లతోనే ఎక్కి కూర్చోండి. మడమని పెడల్ మీద పెట్టి వెనక్కి తిప్పండి. పెడల్ అట్టడుగుకి వచ్చినప్పుడు కాలు నిటారుగా సాగాలి, నడుము మాత్రం పక్కకి ఒరగకూడదు. మీకు కావలసిన ఎత్తు అదే. మామూలుగా ముందుపాదంతో తొక్కేటప్పుడు మోకాలు కాస్త వంగి ఉంటుంది, అలాగే ఉండాలి. ఆ ఎత్తు దగ్గర సీటు రాడ్డుకి ఇన్సులేషన్ టేపు ఒక చుట్టు చుట్టండి, ఎప్పుడు మార్చినా మళ్ళీ కొలుచుకునే పని ఉండదు. మూడు నెలలుగా కిందికే అలవాటు పడ్డారు కాబట్టి ఒకేసారి పైకి లేపకుండా, రెండు మూడు రోజులకోసారి అర సెంటీమీటరు చొప్పున పెంచుకుంటూ రండి. నొప్పి మోకాలి వెనక్కి మారితే ఎత్తు ఎక్కువైందని అర్థం.

అప్పుడు కాళ్ళు నేలకి అందవు. అందక్కర్లేదు కూడా. ఆగాలంటే సీటు మీంచి ముందుకి జారి, హ్యాండిల్‌కీ సీటుకీ మధ్య నిలబడాలి. మా ఊళ్ళో పెద్దసైజు సైకిలుకి కాళ్ళందని పిల్లలంతా ఇలాగే ఆపేవాళ్ళు, మీరూ ఆపే ఉంటారు.

గేరు విషయానికొస్తే, కుడి మోకాలు ఎన్నిసార్లు పైకొస్తోందో 15 సెకన్లపాటు లెక్కపెట్టండి. 20 నుంచి 22 మధ్య ఉంటే నిమిషానికి 80, 88 సార్లు తిప్పుతున్నట్టు. మీ వర్ణన బట్టి అది 14, 15 దగ్గర ఉంటుందని నా ఊహ. గేరు తగ్గించి కాళ్ళు చురుగ్గా ఆడనివ్వండి. మొదటి వారం కాళ్ళు ఊరికే తిరుగుతున్నట్టు, పనేమీ జరగనట్టు ఉంటుంది. పని జరుగుతూనే ఉంటుంది, కాకపోతే మోకాలి మీంచి కొంత బరువు తీసి గుండెకీ ఊపిరితిత్తులకీ పంచుతున్నారు. మూడు వారాలు ఇలా తొక్కినా నొప్పి తగ్గకపోతే, లేదా మోకాలు వాచినా, మెట్లు దిగేటప్పుడు పట్టు తప్పినట్టనిపించినా ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించండి. బెల్టు కట్టుకుని, నొప్పి మాత్ర వేసుకుని తొక్కే ఆలోచన మాత్రం వద్దు.

ఇక అసలు విషయం. మీరు వారానికి ఆరు రోజులు ఒకే దారిలో, ఒకే దూరం, దాదాపు ఒకే ఆయాసంతో తొక్కుతున్నారు. పక్కనెవరైనా ఉండి పలకరిస్తే నాలుగు మాటలకోసారి ఊపిరి పీల్చుకుంటూ జవాబు చెప్పేటంత ఆయాసం. అది తేలికా కాదు, నిజంగా కష్టమూ కాదు. చెమట బాగా పడుతుంది, ఇంటికొచ్చాక ఏదో సాధించినట్టుంటుంది, సాయంత్రానికి కాళ్ళు బరువెక్కుతాయి. మర్నాడు ఆ బరువు కాళ్ళతోనే మళ్ళీ పరుగు. మొదటి నాలుగు నెలలు ఇది పనిచేసింది, ఎందుకంటే అంతకుముందు ఏమీ చెయ్యని శరీరానికి ఏం చేసినా పనిచేస్తుంది. ఆ తర్వాత ఆగిపోవడం మీ వయసు వల్ల కాదు, బండి వల్ల కాదు. రోజూ పరీక్ష రాస్తూ కూర్చుంటే చదువుకునేది ఎప్పుడు?

స్టీఫెన్ సైలర్ అని నార్వేలో పనిచేసే అమెరికన్ శరీరధర్మ శాస్త్రవేత్త ఉన్నారు. స్కీయింగ్, రోయింగ్, సైక్లింగ్ లాంటి ఆటల్లో పైస్థాయి వాళ్ళు నిజంగా ఎలా సాధన చేస్తారో ఏళ్ళ తరబడి గమనించి ఆయన చెప్పిన లెక్క ఇప్పుడు చాలామంది నోట వినిపిస్తోంది. వాళ్ళ సాధనలో సుమారు 80 శాతం తేలిగ్గా మాట్లాడుకుంటూ చెయ్యగలిగేదే, మిగతా 20 శాతం మాత్రం ప్రాణం మీదికొచ్చేటంత కష్టం. మధ్యరకం చాలా తక్కువ. వాళ్ళు రోజంతా అదే పనిగా ఉండేవాళ్ళు, మనకి దొరికేది వారానికి ఆరేడు గంటలు. కాబట్టి ఆ శాతాలు పట్టుకుని కాలిక్యులేటర్‌తో కూర్చోవక్కర్లేదు. తేలికరోజు నిజంగా తేలిగ్గా ఉండాలి, కష్టమైన రోజు నిజంగా కష్టంగా ఉండాలి. ఇంతవరకు గుర్తుంటే చాలు.

తేలిగ్గా తొక్కితే ఏం లాభం అని మీకు అనుమానం రావచ్చు, మగవాళ్ళకి మరీ వస్తుంది. తేలికపాటి శ్రమ ఎక్కువసేపు చేసినప్పుడు గుండె కొట్టుకున్న ప్రతిసారీ పంపే రక్తం పెరుగుతుంది. కండరాల్లో సన్నటి రక్తనాళాలు పెరుగుతాయి, కొవ్వుని కరిగించి వాడుకునే సత్తువ వస్తుంది. మూడో గంటలో కూడా కాళ్ళు పనిచెయ్యడం దీనివల్లే. అనంతగిరిలో మీరు నెట్టుకుంటూ పోయే చోటు మాత్రం వేరే సంగతి. అక్కడ మూడు నాలుగు నిమిషాలు ఊపిరి ఆడనంత శ్రమ పడాలి, కాస్త తేరుకుని మళ్ళీ పడాలి. గండిపేట రోడ్డు మీద ఏడాదిగా ఆ స్థాయి శ్రమ మీరు ఒక్కసారీ చెయ్యలేదు. శరీరానికి తెలియని పని ఆదివారం పొద్దున హఠాత్తుగా చెయ్యమంటే ఎలా చేస్తుంది?

మరి వారం ఎలా గడపాలి? సోమవారం సైకిల్ ముట్టుకోకండి. ఆదివారం పడ్డ కష్టానికి కండరాలు గట్టిపడేది ఆ విశ్రాంతిలోనే. మంగళవారం గంటసేపు తేలిగ్గా, ఫోన్‌లో మాట్లాడినా అవతలివాళ్ళకి మీరు సైకిల్ మీద ఉన్నారని అనుమానం రానంత తేలిగ్గా. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పు వేసిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో తెరిచారు కదా, ఇలాంటి రోజులకి అది చక్కగా పనికొస్తుంది. లారీలుండవు, నీడ ఉంటుంది. కాస్త బోరు కొడుతుంది, కొట్టనివ్వండి. మిమ్మల్ని రోడ్డు సైకిళ్ళవాళ్ళు దాటుకుంటూ పోతారు. వాళ్ళ టైరు సన్నం, నున్నగా ఉంటుంది. మీది బొడిపెల టైరు, తారు మీద దాని మోత మీకే వినిపిస్తుంది. వాళ్ళతో పోటీ పెట్టుకుంటే మంగళవారం చెడుతుంది.

బుధవారం ఎత్తు ఎక్కడం. హైదరాబాద్‌లో ఎత్తుపల్లాలకి కొదవేముంది? కోకాపేట కొత్త లేఅవుట్ల వైపు పోతే బోలెడు చడావులు, టిప్పర్లు తిరిగే వేళ కాకుండా చూసుకోండి. మూడు నాలుగు నిమిషాలు పట్టే చడావు ఒకటి ఎంచుకోండి. పావుగంట తేలిగ్గా తొక్కి ఒళ్ళు వేడెక్కాక, మాట రానంత గట్టిగా ఎక్కండి, అదీ చిన్న గేరులో, కాళ్ళు చురుగ్గా ఆడేలా. మెల్లగా దిగండి, ఊపిరి సర్దుకోనివ్వండి, మళ్ళీ ఎక్కండి. మొదట నాలుగుసార్లు చాలు. నాలుగోసారి కూడా మొదటిసారంత టైమ్‌లోనే ఎక్కగలగాలి. మొదటిసారే సర్వశక్తులూ ఖర్చుపెట్టేసి చివర్లో ఈడ్చుకుంటూ వస్తే అది సాధన కాదు, కసి. మోకాలి నొప్పి పూర్తిగా తగ్గేదాకా బుధవారాన్ని కూడా తేలికరోజే చేసుకోండి.

గురువారం మైదానం, దాని సంగతి కింద చెప్తాను. శుక్రవారం విశ్రాంతి, లేదా ఆఫీసు దగ్గరైతే సైకిల్ మీద ఆఫీసుకి. శనివారం గంటసేపు తేలిగ్గా. ఆదివారం పొడుగు ప్రయాణం. మూడు వారాలు ఇలా పెంచుకుంటూ పోయి నాలుగో వారం అంతా సగానికి తగ్గించండి. ఆఫీసులో రిలీజ్ ఉన్న వారం నిద్రే సరిగ్గా ఉండదు, అప్పుడు బుధవారం కష్టాన్ని నిర్మొహమాటంగా వదిలెయ్యండి. రోజుకి ఎన్ని కిలోమీటర్లని అడిగారు. కిలోమీటర్లు లెక్కపెట్టడం మానేసి గంటలు లెక్కపెట్టండి. మట్టిలో 10 కిలోమీటర్లు తారురోడ్డు మీద 25కి తక్కువ కాదు. ఫోన్‌లో సగటు వేగం చూపించే ఆ స్క్రీన్‌ని కొన్నాళ్ళు జేబులోనే ఉంచండి.

రోజూ తొక్కనివాళ్ళు మిమ్మల్ని దాటి ఎలా ఎక్కేస్తున్నారన్నది మిమ్మల్ని బాగా కుదిపినట్టుంది. వాళ్ళకి మీకంటే దమ్ము ఎక్కువ ఉండి కాదు. మట్టిలో ఎక్కడం సగం కాళ్ళ పని, సగం కూర్చునే తీరు. చడావు మొదలయ్యాక గేరు మార్చబోతే చైన్ కటకటమని మొరాయిస్తుంది, ఆ ఒక్క క్షణం తడబాటుకే బండి ఆగిపోతుంది. పది అడుగుల ముందే మార్చేసుకోవాలి. సీటు మీంచి లేచి నిలబడితే వెనక చక్రం మీద బరువు తగ్గి, మొరంలో ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. మరీ వెనక్కి కూర్చుంటే ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. సీటు ముందు అంచుకి జరిగి, ఛాతీని హ్యాండిల్ మీదికి వంచి, మోచేతులు కిందికి పెట్టుకుంటే రెండు చక్రాలూ నేలని పట్టుకుంటాయి. చూపు ముందు చక్రం మీద కాదు, మూడు నాలుగు గజాల అవతల ఉండాలి. మీరు ఏ రాయినైతే భయంగా చూస్తారో బండి దాని మీదికే పోతుంది. ఇది సైకిల్ నేర్చుకున్న ప్రతివాళ్ళకీ అనుభవమే.

ఇక గురువారం మైదానం. కాలనీలో ఖాళీ స్థలమో, స్కూలు గ్రౌండో ఏదైనా సరే, అరగంట చాలు. నాలుగు ఖాళీ నీళ్ళసీసాలు వరసగా పెట్టి వాటి మధ్య మెలికలు తిరగండి, ఎంత నెమ్మదిగా వీలైతే అంత నెమ్మదిగా. ఎనిమిది అంకె వేయండి. చిన్నప్పుడు స్కూల్లో స్లో సైకిల్ రేసు పెట్టేవాళ్ళు కదా, అందులో గెలిచినవాడు కొండదారిలో తేలిగ్గా ఎక్కుతాడని నా గట్టి నమ్మకం. ఫుట్‌పాత్ అంచు లాంటి చిన్న మెట్టు మీంచి ముందు చక్రం ఎత్తి ఎక్కించడం, దించడం చెయ్యండి. ఇరుగుపొరుగు పిల్లలు నవ్వుతారు. కాసేపటికి వాళ్ళూ సైకిళ్ళు తెచ్చుకుని కలుస్తారు.

బ్రేకు సాధన మాత్రం ఒక్క గురువారంతో పోదు. మీరు గులకరాళ్ళ మీద పడ్డ తీరు నేను చూడలేదు, కానీ చెప్పగలను: మలుపులోకి వెళ్ళాక వేగం ఎక్కువైందని కంగారుపడి ముందు బ్రేకు నొక్కి ఉంటారు. వంగి ఉన్న చక్రానికి మలుపు తిరగడానికే పట్టు సరిపోదు, దాన్నే ఆపమని కూడా అడిగితే జారక ఏం చేస్తుంది? మలుపుకి ముందే, బండి నిటారుగా ఉన్నప్పుడే వేగం తగ్గించుకుని, మలుపులో బ్రేకు వదిలెయ్యాలి. పడ్డాక చాలామందికి ముందు బ్రేకంటేనే భయం పట్టుకుని వెనకది ఒక్కటే వాడతారు. అది ఇంకా ప్రమాదం, ఎందుకంటే దిగుడులో బండిని నిజంగా ఆపేది ముందు బ్రేకే. అసలు మీ బండిలో ముందు బ్రేకు ఏ చేతికి ఉందో ఒకసారి చూసుకోండి, సైకిళ్ళన్నీ ఒకేలా ఉండవు. మట్టినేల మీద గంటకి 15 కిలోమీటర్ల వేగంతో వచ్చి, ఒక గీత దగ్గర ఆగడం సాధన చెయ్యండి. ఒక్క చూపుడువేలే లివర్ మీద ఉండాలి, మిగతావి హ్యాండిల్‌ని పట్టుకోవాలి. మెల్లగా నొక్కుతూ పెంచాలి. చక్రం ఎక్కడ జారడం మొదలుపెడుతుందో వేలికి తెలిసేదాకా చెయ్యండి. ఆ తెలివిడి వస్తే భయం చాలావరకు పోతుంది.

దిగేటప్పుడు సీటు మీద కూర్చోవద్దు. పెడళ్ళు రెండూ ఒకే ఎత్తులో, నేలకి సమాంతరంగా ఉంచి వాటి మీద నిలబడండి. మోకాళ్ళూ మోచేతులూ వదులుగా వంచి, నడుము కాస్త వెనక్కి పెట్టండి. బండిని కింద ఆడనివ్వండి, ఆ కుదుపుల్ని మింగేది ఆ వంచిన కీళ్ళే. మీరు లక్షన్నరకి కొనాలనుకుంటున్న సస్పెన్షన్ కంటే ఎక్కువ పనిచేసే సస్పెన్షన్ మీ ఒంట్లోనే ఉంది. సీటు దించాల్సింది ఇక్కడ, ఈ దిగుడు దగ్గర. క్లాంపు వదులు చేసి దించండి, కిందికి చేరాక టేపు గుర్తు దాకా మళ్ళీ ఎత్తండి. రోజంతా దించి ఉంచడం వల్లే మీకు మోకాలి బాధ వచ్చింది.

దిగుడంతా బ్రేకులు పట్టుకునే ఉండటం ఇంకో అలవాటు. 1976లో కాలిఫోర్నియాలో, శాన్‌ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన ఉన్న మారిన్ కౌంటీలో కొంతమంది కుర్రాళ్ళు పాత బరువు సైకిళ్ళతో ఒక కొండ మట్టిదారిలో దిగే పందేలు మొదలుపెట్టారు. ఆ సైకిళ్ళకి ఉన్నదల్లా పెడల్ వెనక్కి తొక్కితే పడే వెనక బ్రేకు. కిందికి చేరేసరికి అది కాగిపోయి లోపలి గ్రీజంతా పొగైపోయేది, ప్రతిసారీ విప్పి మళ్ళీ గ్రీజు కూరాల్సి వచ్చేది. అందుకే ఆ దారికి రీప్యాక్ అని పేరు. మౌంటెన్ బైక్ పుట్టుక కథల్లో మొదట చెప్పుకునేది దాన్నే. అక్కడి నుంచి ఇరవై ఏళ్ళకి, 1996 అట్లాంటాలో, ఈ ఆట ఒలింపిక్స్‌కి ఎక్కింది. ఇప్పుడు మనకి డిస్క్ బ్రేకులున్నాయి, అయినా కాగే గుణం పోలేదు, చేతులు తిమ్మిరెక్కే గుణమూ పోలేదు. తిన్నగా ఉన్న చోట గట్టిగా పట్టండి, వదలండి, మళ్ళీ పట్టండి.

టైరు గాలి గురించి రాయకపోతే ఈ జవాబు సగమే. 60 పీఎస్‌ఐ! రాయి తగిలిన ప్రతిసారీ మీ టైరు బంతిలా ఎగిరిపడుతోంది, నేలని పట్టుకునే అవకాశమే దానికి లేదు. మొన్న పడటంలో మలుపు బ్రేకుతో పాటు దీనికీ వాటా ఉంటుంది. మీ బరువుకి, రెండుంబావు అంగుళాల వెడల్పు టైరులో ట్యూబు ఉంటే మట్టిదారిలో ముందు 28, వెనక 32 దగ్గర మొదలుపెట్టండి. రోజువారీ తారురోడ్డుకి 40 చాలు. బాగా తగ్గించేసినా కష్టమే. రాతికి గుద్దుకున్నప్పుడు రిమ్ముకీ రాతికీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి, పాము కాటేసినట్టు. అలా పడితే రెండేసి పీఎస్‌ఐ పెంచుకోండి. షాపువాళ్ళ అలవాటు గట్టిగా కొట్టడం, వాళ్ళని అనుకుని లాభం లేదు. మీటరున్న నేలపంపు ఇంట్లో ఉండాలి.

ముందు ఫోర్కు, అంటే ముందు చక్రాన్ని పట్టుకుని కుదుపులకి ఆడే సస్పెన్షన్, దాన్ని కూడా ఒకసారి చూడండి. ఫోర్కులో లోపలికీ బయటికీ ఆడే గొట్టానికి ఒక ప్లాస్టిక్ జిప్ టై, తోస్తే జరిగేటంత వదులుగా కట్టి, కిందికి తోసి, మెల్లగా ఎక్కి నిలబడి, మెల్లగా దిగండి. 100 మిల్లీమీటర్లు ఆడే ఫోర్కయితే ఆ టై 20, 25 మిల్లీమీటర్లు పైకి జరిగి ఉండాలి. అసలు జరగలేదంటే స్ప్రింగు మీ బరువుకి బిర్రుగా ఉందని. పైన తిప్పే నాబ్ ఉంటే వదులు చెయ్యండి. గాలి ఫోర్కయితే దాని పంపు వేరు, టైర్ల పంపుతో పని కాదు. రోడ్డు మీద ఫోర్కు ఆడకుండా లాక్ చేసే మీట ఒకటి ఉంటుంది. మట్టిలోకి దిగాక దాన్ని తియ్యడం మర్చిపోయేవాళ్ళు చాలామంది ఉన్నారు, మీది చూసుకోండి.

మన దగ్గర రాళ్ళకంటే ముళ్ళ బాధ ఎక్కువ. శంకర్‌పల్లి, చేవెళ్ళ వైపు పొలం గట్ల పక్కన సర్కారు తుమ్మ ఎక్కడ చూసినా ఉంటుంది. ఎండాకాలం నేలంతా పల్లేరుకాయలు. ముల్లు గుచ్చుకున్న వెంటనే పీకెయ్యకండి, ఇల్లు దగ్గరైతే అలాగే ఉంచి తొక్కుకుంటూ వచ్చెయ్యచ్చు. ట్యూబు మార్చాల్సి వస్తే టైరు లోపల వేళ్ళతో చుట్టూ తడమండి, జాగ్రత్తగా. విరిగిన ముల్లు మొన లోపలే ఉంటే కొత్త ట్యూబు కూడా అయిదు నిమిషాల్లో పోతుంది. స్పేర్ ట్యూబు, టైరు విప్పే లివర్లు, చిన్న పంపు లేకుండా మట్టిదారికి పోవద్దు. 2024 పారిస్ ఒలింపిక్స్ మౌంటెన్ బైక్ పందెంలో బ్రిటన్ ఆటగాడు టామ్ పిడ్‌కాక్ మధ్యలో పంక్చరై వెనకబడి కూడా చివరికి బంగారు పతకం గెలిచాడు. కాకపోతే అతనికి చక్రం మార్చిపెట్టే మనుషులున్నారు.

వానాకాలం నల్లరేగడి దారుల జోలికి పోకండి. పది గజాలు పోయేసరికి టైరుకీ ఫోర్కుకీ మధ్య మట్టి మెత్తేసి చక్రం తిరగదు, అప్పుడు సైకిలే మీ భుజమెక్కుతుంది. ఎర్రమట్టి, మొరం దారులు వాన వెలిసిన రెండో రోజుకి బాగానే ఉంటాయి. అనంతగిరి రిజర్వ్ ఫారెస్టు కాబట్టి, ఏ దారిలో సైకిల్‌కి అనుమతి ఉందో అక్కడి అటవీశాఖవాళ్ళని అడిగే వెళ్ళండి. హైదరాబాద్ నుంచి వికారాబాద్ దాకా ఆ హైవే మీద తొక్కుకుంటూ పోయే సాహసం వద్దు. కారులో తీసుకెళ్ళి అక్కడ దించుకోండి. మీరు సగంలో దిగి నెట్టడానికి ఒక కారణం ఆకలి కూడా కావచ్చు. గంటన్నర దాటే ప్రయాణానికి ముందు ఇడ్లీయో అరటిపండో తిని బయల్దేరాలి, దారిలో ప్రతి అరగంటకీ ఒక పల్లీపట్టీ ముక్కో, రెండు ఖర్జూరాలో నోట్లో వేసుకోవాలి. గంటకి అర లీటరుకి తగ్గకుండా నీళ్ళు, ఎండ బాగా ఉంటే ఓఆర్‌ఎస్. పాకెట్ మీద ఒక లీటరు నీళ్ళని రాసి ఉంటే ఒక లీటరులోనే కలపండి, సగం సీసాలో కాదు. ఏప్రిల్, మే నెలల్లో ఎనిమిదిలోపే ఇంటికి చేరాలి.

ఊరకుక్కల గురించి మీరు అడగలేదు, కానీ గండిపేట దారిలో పొద్దున్నే తొక్కేవాళ్ళకి అవి తప్పవు. పారిపోతే తరుముతాయి. ఆగి, దిగి, సైకిల్‌ని మీకూ వాటికీ మధ్య అడ్డం పెట్టి నడవండి. చాలావాటికి మనిషి దిగగానే ఆసక్తి పోతుంది. కరిస్తే మాత్రం గాయాన్ని సబ్బుతో పావుగంట కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి.

మీ ఆవిడ అన్నదాంట్లో వయసు మాట పక్కన పెట్టండి. ముప్పై ఎనిమిది దీనికి వయసే కాదు. ఆవిడ చూసింది గీసుకుపోయిన మోచేయి, ఫోనెత్తని ఆదివారం. అందుకే ఆ మాట అని ఉంటారు. ఒక్కరే అడవిదారికి పోనని మాటివ్వండి, పోయిన రోజు లైవ్ లొకేషన్ పంపండి, పది గంటలకి వస్తానంటే పదికే రండి. హెల్మెట్ మొన్న నేలకి తగిలి ఉంటే బయటికి బాగానే కనిపించినా మార్చెయ్యండి, లోపలి ఫోమ్ ఒక్క దెబ్బనే తట్టుకుంటుంది. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండెజబ్బు వచ్చి ఉంటే, లేదా మీకు బీపీ, షుగర్ ఉంటే, బుధవారం చడావులు మొదలుపెట్టకముందే ఒకసారి డాక్టర్‌ని కలవండి.

డబ్బు ఖర్చుపెట్టాలని చెయ్యి దురదపెడితే మీటరున్న పంపు, చేతి గ్లౌజులు, కొత్త హెల్మెట్ మొదట కొనండి. ఆ తర్వాత రిమ్ములు పనికొస్తాయంటే ట్యూబు లేని టైర్లకి మారండి. లోపల పోసే సీలెంట్ చిన్న ముళ్ళ చిల్లుల్ని తనే పూడుస్తుంది, కానీ మన ఎండలకి రెండు మూడు నెలల్లో ఎండిపోతుంది, మళ్ళీ పోయించుకోవాలి. ఇంకా మిగిలితే, హ్యాండిల్ మీద మీట నొక్కితే సీటు కిందికి దిగే రాడ్డు ఒకటి దొరుకుతుంది, దిగుడులో మీ భయానికి అది బాగా పనికొస్తుంది. మీ ఫ్రేముకి సరిపడే సైజు కనుక్కుని కొనండి. ఏడాది తర్వాత అనంతగిరి దిగుడులో మీ చేతులు అలిసిపోవడం మానేసి, బండి వెనక భాగం ఎగిరిపడటమే మీకు అడ్డమని అనిపిస్తే, అప్పుడు ఆ లక్షన్నర సంగతి మళ్ళీ రాయండి.